మ్యాచ్ రేపనగా... (కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఒక పాఠం)

ఆట గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆడేవాళ్ల గురించే రాస్తారు. చూసేవాళ్లకు కూడా నేర్చుకోవలసింది ఉంటుందని ఎవరూ చెప్పరు. ఇంటర్ కాలేజ్ ఫుట్‌బాల్ డ్రా కాగితం నోటీసు బోర్డు మీద పడిన నాటి నుంచి మ్యాచ్ రోజు దాకా హాస్టల్‌లో ఒక తెలియని సందడి ఉంటుంది. మెస్‌లో అన్నం లైన్‌లో అదే మాట, బట్టలు ఉతికే చోట అదే మాట. "మనోళ్లకు ఎవరితో పడింది? వాళ్ల గోలీ ఎట్లుంటడు? మన లెఫ్ట్ బ్యాక్ మోకాలు తగ్గిందా?" ఈ ఎదురుచూపును వృథా కాలక్షేపం అనుకోకుండా ఒక చదువుగా మార్చుకోవచ్చని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. కాలేజీ ఆటకు అంత జనమా?

అమెరికాలో 'కాలేజ్ ఫుట్‌బాల్' అంటే మనం ఆడే ఆట కాదు. అది కోలగా ఉండే బంతిని చేతుల్లో పట్టుకుని పరుగెత్తే ఆట. కానీ అక్కడి జనం మాత్రం తెలుసుకోదగ్గవాళ్లు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చునే చోటుంది. ఆడేది విద్యార్థులే. చూడటానికి ఊరు ఊరంతా వస్తుంది. చదువు ముగించి ముప్పై, నలభై ఏళ్లయినవాళ్లు కూడా తమ కాలేజీ రంగు చొక్కా వేసుకుని వస్తారు.

మన దగ్గర ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు రామంతాపూర్ రోడ్డు మీద బస్సు కదలదు. అక్కడి నుంచి హబ్సిగూడ, తార్నాక మీదుగా క్యాంపస్‌లోకి వస్తే, అదే సాయంత్రం యూనివర్సిటీ మైదానంలో జరిగే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి గీత చుట్టూ నిలబడింది వంద మంది కూడా ఉండరు. ఆ వంద మందిలో సగం హాస్టల్ పిల్లలే. టికెట్ లేదు, కుర్చీ లేదు, టీవీ లేదు. అయినా వస్తారు. ఎందుకంటే ఆడేది మన రూమ్మేట్. ఈ నగరంలో ఫుట్‌బాల్‌ను నిలబెట్టింది ఎప్పుడూ ఇలాంటి జనమే.

2. ఈ నగరం, ఈ విశ్వవిద్యాలయం, ఈ ఆట

భారత ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటే గొప్ప కోచ్ ఎవరంటే ఎక్కువమంది చెప్పే పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, విద్యార్థిగా ఫుట్‌బాల్ ఆడారు. వృత్తి బడిపంతులు. నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. అందుకే ఆటగాళ్లు ఆయన్ను 'రహీమ్ సాబ్' అని గౌరవంగా పిలుచుకునేవారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్‌గా, తర్వాత దేశ జట్టు కోచ్‌గా పనిచేశారు.

ఆయన చేతిలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్ వంటి మన నగరం వాళ్లు ఎందరో ఉన్నారు.

వీళ్లలో బలరామ్ గురించి మన హాస్టల్ విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆయన సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పెరిగారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో కన్నుమూశారు. తార్నాక నుంచి అమ్ముగూడ ఎంతో దూరం లేదు. కానీ మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

రహీమ్ సాబ్ ఎలా నేర్పారో కూడా చూద్దాం. బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ముగ్గురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవడం ఆయనకు నచ్చేది కాదు. డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో పోటీలు పెట్టేవారు. బంతి అందగానే సాటి ఆటగాడికి ఇవ్వాలి, ఇచ్చి ఖాళీలోకి పరుగెత్తాలి. అలవాటు లేని కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టేవారు. కుడికాలి వాడు ఎడమకాలితో ఆడితేనే అతని బలహీనత పోతుంది. బడిపంతులు పిల్లవాడికి రాని లెక్కనే మళ్లీ మళ్లీ చేయించినట్టు ఇది.

3. ఎదురుచూపుకు చరిత్ర ఉంది

మ్యాచ్ కోసం జనం కాచుకుని ఉండటం ఈనాటిది కాదు. 1911 జులై 29న కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్. ఒకవైపు మోహన్ బగాన్, మరోవైపు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే బ్రిటిష్ సైనిక జట్టు. మోహన్ బగాన్‌లో పది మంది బూట్లు లేకుండానే ఆడారు. రైళ్లలో, స్టీమర్లలో పల్లెల నుంచి జనం దిగారు. మైదానం కనిపించని వాళ్లకు స్కోరు తెలియడానికి గాలిపటాలు ఎగరేశారని చెబుతారు. మోహన్ బగాన్ 2-1తో గెలిచింది. ఆ రోజు వచ్చినవాళ్లలో ఆట నియమాలు తెలిసినవాళ్లు కొందరే అయి ఉంటారు. కానీ ఎందుకు వచ్చారో అందరికీ తెలుసు. పాలించేవాడితో సమానంగా పదకొండు మందిని ఒకే గీత లోపల నిలబెట్టగలిగే చోటు అదొక్కటే.

రెండో ఉదాహరణ 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడా అధికారి ఒకరు విమర్శించడంతో అక్కడి జనం మన వాళ్ల మీద కోపంగా ఉన్నారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంను గెలిచి ఫైనల్లో మళ్లీ కొరియాకే ఎదురుపడ్డాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, రహీమ్ సాబ్ అతన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబర్ 4న నిండిన స్టేడియంలో, మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం మధ్య, పి.కె. బెనర్జీ ఒక గోల్, అదే జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. అప్పటికే రహీమ్ సాబ్ ఆరోగ్యం బాగా లేదు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో ఆయన చనిపోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు. ఆయన జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది.

ఈ రెండు కథల్లో గమనించవలసింది ఒకటుంది. ఒకచోట జనం ఆటగాళ్లకు బలం అయ్యారు. మరోచోట జనమంతా ఎదురైనా ఆటగాళ్లు తమ పద్ధతి వదలలేదు. చూసేవాళ్ల అరుపులకు శక్తి ఉంది, కానీ అదే అంతా కాదు.

4. మ్యాచ్ గెలిస్తే ఏం వస్తుంది?

మనలో చాలామంది తల్లిదండ్రులు "ఆటలాడితే కడుపు నిండుతుందా?" అని అడుగుతారు. కూలి చేసి మనల్ని చదివించేవాళ్లు ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. దానికి సమాధానం కూడా ఉండాలి కదా.

కాలేజీల మధ్య జరిగే ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ మొదటి మెట్టు. అక్కడ బాగా ఆడినవాళ్ల నుంచి యూనివర్సిటీ జట్టును ఎంపిక చేస్తారు. ఆ జట్టు సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళుతుంది. అక్కడ ముందు నిలిస్తే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. ఈ పోటీలు భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరుగుతాయి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల నియామకానికి ఉన్న నిబంధనల్లో ఫుట్‌బాల్ ఉంది. దేశానికి, రాష్ట్రానికి ఆడినవాళ్లతో పాటు, తమ విశ్వవిద్యాలయం తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లు కూడా అర్హులే. దానికి యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి సంతకంతో నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ కావాలి. పతకం ఉంటే ప్రాధాన్యం పెరుగుతుంది. రైల్వేలు, పోలీసు శాఖ, బ్యాంకులు ఎందరో ఆటగాళ్లకు అన్నం పెట్టాయి. సిటీ పోలీస్ జట్టు పేరులోనే ఆ మాట ఉంది కదా!

అంటే రేపటి మ్యాచ్ మనకు ఒక సాయంత్రం వినోదం. కానీ మన పక్క మంచం మీద పడుకునేవాడికి అది ఒక కుటుంబం బతుకు మలుపు కావచ్చు. ఎంపిక చేసేవాళ్లు గీత దగ్గర నిలబడి చూసేది ఆ తొంభై నిమిషాలే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. ఈ సంగతి తెలిసినవాడు చూసే తీరే వేరుగా ఉంటుంది.

అయితే ఒక హెచ్చరిక. ఆడినవాళ్లందరికీ ఉద్యోగం రాదు. జట్టులో పదకొండు మంది ఉంటే ఆ మెట్లన్నీ ఎక్కేది ఒకరో ఇద్దరో. కాబట్టి ఆట పేరుతో హాజరు, పరీక్షలు వదులుకోవద్దు. రెగ్యులర్ విద్యార్థిగా కొనసాగితేనే యూనివర్సిటీ జట్టులో చోటు. పుస్తకం మూసేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

5. ఏం చూడాలి, ఎలా చూడాలి?

చాలామంది బంతిని మాత్రమే చూస్తారు. బంతి ఒక్కరి దగ్గరే ఉంటుంది, మిగతా ఇరవై ఒక్క మంది ఏం చేస్తున్నారో చూడటం నేర్చుకోవాలి.

అ) మైదానం: నియమాల ప్రకారం పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్లు ఉండవచ్చు. ఇరుకు మైదానంలో అంచుల వెంట ఆడే జట్టుకు కష్టం. ముందు రోజే వెళ్లి గడ్డి ఎక్కడుంది, రాళ్లు ఎక్కడున్నాయి, వాన నీళ్లు ఎక్కడ నిలుస్తాయి చూసి మన కెప్టెన్‌కు చెప్పండి. అది కూడా సాయమే.

ఆ) గోల్: రెండు స్తంభాల మధ్య 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గోలీ చేతులు చాచి నిలబడినా రెండు పక్కలా ఎంతో ఖాళీ ఉంటుంది. బంతి వచ్చేటప్పుడు అతను గీత మీదే ఉన్నాడా, రెండడుగులు ముందుకు వచ్చాడా గమనించండి. ముందుకు వస్తే కొట్టేవాడికి కనిపించే ఖాళీ తగ్గుతుంది.

ఇ) ఆఫ్‌సైడ్: గొడవలన్నీ దీని దగ్గరే. మన ఆటగాడు బంతిని తన్నిన క్షణంలో, దాన్ని అందుకోబోయేవాడు ఎదుటి జట్టు సగంలో ఉండి, బంతి కంటే, ఎదుటి జట్టులో వెనక నుంచి రెండోవాడి కంటే వాళ్ల గోల్ గీతకు దగ్గరగా ఉండి, ఆటలో పాల్గొంటే అది ఆఫ్‌సైడ్. వెనక నుంచి మొదటివాడు సాధారణంగా గోలీ అవుతాడు. చూడవలసింది బంతి అందిన క్షణం కాదు, తన్నిన క్షణం. త్రో, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. ఈ ఒక్క నియమం తెలిస్తే లైన్స్‌మన్‌ను తిట్టడం సగానికి తగ్గుతుంది.

ఈ) బంతి లేని పరుగు: ఒక ఫార్వర్డ్ బంతి రాదని తెలిసినా పక్కకు పరుగెత్తి ఒక బ్యాక్‌ను తన వెంట లాక్కుపోతాడు. ఆ ఖాళీలో మరొకడు గోల్ కొడతాడు. చప్పట్లు రెండోవాడికే పడతాయి. మొదటివాడిని కూడా గుర్తించినవాడే ఆట తెలిసిన ప్రేక్షకుడు.

ఉ) చివరి పావుగంట: అలసట కనిపించేది అప్పుడే. ఎవరు నడుస్తున్నారు, ఎవరు నడుం మీద చేతులు పెట్టుకున్నారు చూడండి. పి.డి. సార్ ఆటగాణ్ణి మార్చేది అందుకే.

6. ముందు రాత్రి మన పని

ఆటగాడికి మంచి బూట్లు ఎంత ముఖ్యమో మంచి నిద్ర కూడా అంతే ముఖ్యం. ఒక రూములో పది మంది ఉండే చోట అది అతని చేతిలో లేదు, మన చేతిలో ఉంది. లైటు త్వరగా ఆర్పండి. ఫోన్ మాటలు వరండాలో మాట్లాడుకోండి. పొద్దున బాత్‌రూం లైన్‌లో అతన్ని ముందు పోనివ్వండి.

తిండి విషయం. మ్యాచ్‌కి రెండు, మూడు గంటల ముందే అన్నం ముగించాలి. నూనె వంటలు, మిర్చి బజ్జీలు వద్దు. అన్నం, పప్పు, గుడ్డు, అరటిపండు చాలు. నీళ్లు ఒక్కసారి కడుపు నిండా కాకుండా ఉదయం నుంచి కొద్దికొద్దిగా తాగాలి. ఆ రోజు మీ వంతు అరటిపండు అతనికి ఇస్తే మీ ఆకలి పెద్దగా పెరగదు.

స్టడ్స్ లేనివాడికి కాలి సైజు సరిపోయిన పూర్వ విద్యార్థి ఎవరైనా పాతవి ఇవ్వవచ్చు. కొత్త బూట్లు మ్యాచ్ రోజే మొదటిసారి వేసుకుంటే బొబ్బలు వస్తాయి. కాబట్టి ఇచ్చేదేదో వారం ముందే ఇవ్వండి. అన్నలకు, అక్కలకు ఇది మా విన్నపం: వార్షికోత్సవానికి శాలువాలు, దండలు తగ్గించి రెండు బంతులు, నాలుగు జతల షిన్ ప్యాడ్లు ఇప్పించండి.

7. గీత బయట మర్యాద

1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్ జరుగుతుండగా గ్యాలరీలో గొడవ మొదలైంది. తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఆట చూడటానికి ఇంటి నుంచి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. బెంగాల్‌లో నేటికీ ఆ తేదీన వాళ్లను తలుచుకుంటారు, రక్తదాన శిబిరాలు పెడతారు.

మన మైదానంలో వంద మందే కదా, ఇక్కడేం జరుగుతుందిలే అనుకోవద్దు. గీత దాటి లోపలికి పోవడం, రెఫరీ మీదికి పోవడం వల్ల మ్యాచ్ ఆగిపోతే, జట్టును పోటీ నుంచి తీసేస్తే, నష్టపోయేది పైన చెప్పిన ఆ సర్టిఫికెట్ కోసం ఆడేవాడే. ఓడినప్పుడు రెఫరీని అనడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంటుంది.

ఇంకొక మాట. ఎదుటి జట్టు ఆటగాడి రంగు, కులం, మతం, ఊరు, ఇంట్లోవాళ్ల పేరుతో అరవడం కొందరికి హాస్యం. మనం ఏ హాస్టల్ పిల్లలం? ఆ మాటలు ఎంత లోతుగా దిగుతాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనకు తగిలిన రాయిని ఇంకొకరి మీద వేయకూడదు. మన జట్టు పేరు ఎంత గట్టిగా అరిచినా తప్పు లేదు. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చే మాట ఒక్కటి కూడా వద్దు.

8. జనం ఎక్కడికి పోయారు?

హైదరాబాద్ ఫుట్‌బాల్ రహీమ్ సాబ్‌తోనే ఆగిపోలేదు. నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ ఈ నగరం నుంచే వెళ్లి కలకత్తా క్లబ్బుల్లో వెలిగారు. మంచి ఆటగాళ్లంతా అక్కడికి పోవడం, ఇక్కడ ఉద్యోగాలిచ్చే జట్లు తగ్గడం, మైదానాలు తగ్గడం, క్రికెట్ పెరగడం అన్నీ కలిసి జనాన్ని దూరం చేశాయి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22 ఐ.ఎస్.ఎల్. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు గెలిచింది. కానీ 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మారింది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగితే, బెంగాల్ 1-0తో కేరళ మీద గెలిచింది. క్లబ్బులు వస్తాయి, పోతాయి. కాలేజీ మైదానం మాత్రం ఎక్కడికీ పోదు, పోనివ్వకూడదు కూడా.

ఆశ కలిగించే పేరు కూడా ఉంది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశ మహిళల జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు ఎంపికైంది. మన బాలికల హాస్టళ్ల చెల్లెళ్లు ఈ పేరు గోడ మీద రాసి పెట్టుకోవాలి. అబ్బాయిల మ్యాచ్‌కి వంద మంది వస్తే అమ్మాయిల మ్యాచ్‌కి పది మంది కూడా రారు. ఈ లెక్క మార్చడం మన చేతిలో పనే.

మిత్రులారా! గెలుపు ఓటములు పదకొండు మంది కాళ్లలో ఉన్నా, ఆ ఆటకు విలువ ఇచ్చేది చుట్టూ నిలబడే మనమే. డ్రా కాగితం పడిన రోజు నుంచే తయారవుదాం. నియమాలు తెలుసుకుని వెళదాం, నోరు శుభ్రంగా ఉంచుకుని అరుద్దాం, ఆట ముగిశాక రెండు జట్లకూ మంచినీళ్లు అందిద్దాం. గెలిస్తే భుజాల మీద ఎత్తుకుందాం. ఓడితే ఆ రాత్రి మెస్‌లో అతని పక్కనే కూర్చుని అన్నం తిందాం.

ఆలోచించండి - చేయండి

1. బంతి తన్నిన క్షణంలో ఫార్వర్డ్ తన సొంత సగంలోనే ఉన్నాడు. అతనికి ముందు గోలీ ఒక్కడే ఉన్నాడు. ఇది ఆఫ్‌సైడేనా? కారణం చెప్పండి.
2. డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీ వల్ల ఏ నైపుణ్యం పెరుగుతుంది? మీ హాస్టల్ ఆవరణలో అయిదుగురు చొప్పున రెండు జట్లుగా ఆడి చూడండి.
3. మీ హాస్టల్ నుంచి యూనివర్సిటీ జట్టుకు ఆడిన పూర్వ విద్యార్థుల పేర్లు సేకరించి వచ్చే సంచికకు పంపండి.